కామ్‌షాఫ్ట్ మార్చే ముందు: మా షెడ్డులో రోజూ వినే అపోహలు

పాత మారుతి ఎస్టీమ్‌ని, జిప్సీ కింగ్‌ని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్న) 16 వాల్వుల మోడళ్లలో ఉండేది జీ13బీబీ ఇంజిన్. 1298 సీసీ, బోర్ 74 మి.మీ., స్ట్రోక్ 75.5 మి.మీ., పైన ఒకటే కామ్‌షాఫ్ట్ (కామ్ అంటాం, వాల్వులను తెరిచి మూసేది అదే), టర్బో లేదు. "కామ్ మారిస్తే బండి ఎగురుతుందట కదా అన్నా" అంటూ వస్తారు. మారిస్తే తేడా ఉంటుంది. ఆ తేడా ఏ ఆర్పీఎంలో వస్తుందో ముందే తెలుసుకోవాలి.

అపోహ: డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే సమయం, క్రాంక్ తిరిగే డిగ్రీల్లో) పెరిగేకొద్దీ పవర్ పెరుగుతుంది.

వాస్తవం: పిస్టన్ కిందికి చేరాక కూడా ఇంటేక్ వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది. 6000 ఆర్పీఎంలో గాలి తన ఊపుతోనే సిలిండర్‌లోకి వస్తూ ఉంటుంది కాబట్టి వాల్వు ఆలస్యంగా మూసుకోవడం లాభమే. 2000లో గాలికి ఆ ఊపు ఉండదు. పైకి లేచే పిస్టన్, పీల్చుకున్న గాలిలో కొంత మళ్లీ మ్యానిఫోల్డ్‌లోకి, అంటే గాలి వచ్చే గొట్టాల్లోకి, నెట్టేస్తుంది. పికప్ అక్కడే పోతుంది. కంప్రెషన్ గేజ్ పెట్టినా రీడింగ్ తక్కువే వస్తుంది. అది చూసి రింగులు అరిగాయని టెన్షన్ పడి ఇంజిన్ విప్పించినవాళ్లున్నారు.

ఒక చిన్న లెక్క చూడండి. టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. పెద్ద కామ్ వల్ల 6500లో 8 న్యూటన్ మీటర్లు పెరిగి, 2500లో అంతే తగ్గిందనుకుందాం. డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) కాగితం మీద పైన 5.4 కిలోవాట్ల లాభం, కింద 2.1 నష్టం. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకే గేర్‌లో చక్రం దగ్గర పెరిగిన తోపు, తగ్గిన తోపు సమానం. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో బండి 6500 ఎన్నిసార్లు తాకుతుంది? 2500 దగ్గర మాత్రం రోజంతా ఉంటుంది.

అపోహ: 280 డిగ్రీల కామ్ ఎప్పుడూ 264 కంటే పెద్దదే.

వాస్తవం: ఎంత లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) దగ్గర కొలిచారన్నది తెలియకుండా ఆ అంకెలను పోల్చకూడదు. ఒకరు వాల్వు కదలడం మొదలైన చోటు నుంచి కొలుస్తారు, ఇంకొకరు 1 మి.మీ. లిఫ్ట్ దగ్గర, అమెరికా వాళ్లు ఎక్కువగా 1.27 మి.మీ. దగ్గర. మొదట్లో నేనూ అంకె చూసి ఒక కామ్ తెప్పించాను. అనుకున్నదానికంటే చాలా పెద్దది వచ్చింది, కస్టమర్ బండి నెల రోజులు పాడైంది. అప్పటి నుంచి డిగ్రీ వీల్, డయల్ గేజ్ పెట్టి నేనే కొలవకుండా ఏ కామూ బిగించలేదు.

అపోహ: ఐడిలింగ్‌లో గుడుగుడుమంటే అది మంచి కామ్.

వాస్తవం: ఆ చప్పుడు ఓవర్‌ల్యాప్‌ది, అంటే ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే సమయానిది. డ్యూరేషన్ 264 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (కామ్ మీద ఇంటేక్, ఎగ్జాస్ట్ ఉబ్బుల శిఖరాల మధ్య కోణం) 110 అయితే ఓవర్‌ల్యాప్ 44 డిగ్రీలు. 280, 106 అయితే 68. ఓవర్‌ల్యాప్ పెరిగితే మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది. బ్రేక్ బూస్టర్ పనిచేసేది ఆ వాక్యూమ్‌తోనే. సిగ్నల్ దగ్గర పెడల్ రాయిలా గట్టిపడితే ఆ చప్పుడు ఎవరికి కావాలి? ఇంట్లోవాళ్లు కూడా నడిపే బండికి నేను అలాంటి కామ్ వేయను. మ్యానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగ్ కూడా ఊగుతుంది కాబట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీమ్యాప్ తప్పదు.

"వెర్నియర్ పుల్లీతో సర్దేద్దాం" అంటారు కొందరు, అంటే కామ్ టైమింగ్‌ని కాస్త ముందుకో వెనక్కో జరిపే పుల్లీ. ఒకే కామ్ ఉన్న ఇంజిన్‌లో పుల్లీ తిప్పితే ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండూ కలిసే జరుగుతాయి. ఓవర్‌ల్యాప్ అంతే ఉంటుంది. కామ్ కాస్త అడ్వాన్స్ చేస్తే ఇంటేక్ ముందుగా మూసుకుని కింది పికప్ కొంచెం తిరిగొస్తుంది. పుల్లీతో అయ్యేది ఆ మాత్రమే.

అపోహ: పాత కామ్ తీసి కొత్తది పెడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: లిఫ్ట్ పెరిగితే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి తగులుతాయేమో కొలవాలి. పిస్టన్ మీద మెత్తటి క్లే పెట్టి, చేత్తో ఇంజిన్ తిప్పి, హెడ్ దించి దాని మందం చూడాలి. వాల్వు, పిస్టన్ బాగా దగ్గరయ్యేది సరిగ్గా టీడీసీలో (పిస్టన్ పైకొసకు చేరిన చోట) కాదు, దానికి సుమారు 10 డిగ్రీలు అటూ ఇటూ. ఇంటేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కంటే తక్కువ ఉంటే నేను ఒప్పుకోను. పాత కామ్‌నే రీగ్రైండ్ చేయిస్తే (కొత్త ఆకారంలోకి సానబట్టిస్తే) పైనున్న గట్టి పొర అరిగిపోయిందేమో చూడాలి, రాకర్ కోణం మారుతుంది కాబట్టి ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వు దగ్గర వదిలే గ్యాప్) కూడా మళ్లీ చేయాలి.

అపోహ: లోపలి పార్ట్ కదా, చట్టానికి సంబంధం లేదు.

వాస్తవం: బండిలో చేసే మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చదవండి, ఇన్సూరెన్స్ వాళ్లను కూడా ముందే అడగండి.

కంప్రెషన్ కంపెనీ ఇచ్చినట్టే ఉన్న రోడ్డు బండికి, వాల్వు కదలడం మొదలైన చోటు నుంచి కొలిచిన 256 నుంచి 264 డిగ్రీల మధ్య కామ్ చాలని నా అభిప్రాయం. అంతకంటే ముందు ఒక వారం మీరు మామూలుగా తిరిగే దారుల్లోనే తిరిగి, టాకోమీటర్ ముల్లు ఎక్కువసేపు ఎక్కడ నిలుస్తోందో రాసుకుని రండి. మీటర్ లేని బండి అయితే బయటిది ఒకటి తగిలించి ఇస్తాను. ఆ కాగితం చూశాకే కామ్ ఆర్డర్ పెడతాను.