గ్రే ఒకటే, గాయం వేరు

షికాగో శివార్లలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో ఒకప్పుడు చిట్టెలుకల కోసమే ఒక రియాక్టర్ నడిచింది. పేరు జానస్. రెండు ముఖాలుండే రోమన్ దేవుడి పేరది. ఈ రియాక్టర్‌కీ రెండు ముఖాలే: ఒకవైపు రేడియేషన్ జోరుగా, రెండోవైపు నెమ్మదిగా. 1970 నుంచి 1992 దాకా దాదాపు 50 వేల చిట్టెలుకల మీద ప్రయోగాలు జరిగాయి. కొన్నిటికి న్యూట్రాన్లు, కొన్నిటికి కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలు. తర్వాత వాటి మానాన బతకనిచ్చి, చచ్చాక కోసి, ఎక్కడ కణితి లేచిందో చూసేవారు. ఓపిక పని. చిట్టెలుక రెండు మూడేళ్ళు బతుకుతుంది మరి.

ఒంట్లో పడిన రేడియేషన్ డోసును గ్రేలలో కొలుస్తారు. కిలో కండలో ఒక జౌల్ శక్తి దిగితే ఒక గ్రే. ఒంటికంతటికీ ఒకేసారి 4 గ్రేలు తగిలితే, వైద్యం అందకపోతే, సగం మంది దాకా చనిపోవచ్చు. ఆ శక్తితో ఒళ్ళు వేడెక్కేది మాత్రం డిగ్రీలో వెయ్యో వంతే. చెంచాడు వేడి టీ అంతకన్నా ఎక్కువ వేడినిస్తుంది! ఎంత శక్తి పడిందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఎలా పడిందో చూడాలి.

గుప్పెడు ముగ్గుపిండిని వాకిలంతా వెదజల్లితే రేణువుకీ రేణువుకీ మధ్య బోలెడు ఖాళీ. గామా అలాంటిది. అదే పిండితో జానెడు గీత గీస్తే చిక్కగా పడుతుంది. న్యూట్రాన్ ఒంట్లోని హైడ్రోజన్‌ను గుద్ది ప్రోటాన్‌ను తోసేస్తుంది, ఆ ప్రోటాన్ పోయిన దారి ఆ గీత. డీఎన్‌ఏలో ఒక పోగు తెగితే కణం రెండో పోగును చూసి సరిచేసుకుంటుంది. రెండూ పక్కపక్కనే తెగితే దేన్ని చూసుకోవాలి?

జానస్ ఎలుకల్లో గ్రేకి గ్రే పోలిస్తే న్యూట్రాన్లే ఎన్నో రెట్లు ప్రమాదమని తేలింది. నాకు ఇంకో ఫలితం మరీ విచిత్రంగా అనిపిస్తుంది. మొత్తం డోసును వారానికోసారి చొప్పున 60 వారాలకు పంచితే గామా దెబ్బ బాగా తగ్గింది. న్యూట్రాన్ల దెబ్బ తగ్గలేదు సరికదా, ఒక్కోసారి పెరిగింది.

రేడియేషన్ రకం ఒకటే అయినా తేడా ఉంటుందని బీగిల్ కుక్కలు చూపించాయి. యూటా విశ్వవిద్యాలయంలో 1950ల నుంచి వాటికి రేడియం, ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహాలు ఎక్కించి చూశారు. రెండూ వదిలేది ఒకే రకం రేడియేషన్, ఆల్ఫా కణాలు. రేడియేషన్ నుంచి మనుషుల్ని కాపాడేందుకు వేసే లెక్కల్లో ఆల్ఫాను గామా కన్నా 20 రెట్లు ప్రమాదంగా కడతారు, దేని నుంచి వచ్చినా సరే. కుక్కల ఎముకల్లో మాత్రం అంతే డోసుకు ప్లుటోనియం ఎక్కువ క్యాన్సర్లు తెచ్చింది. రేడియం కాల్షియంలాగా ఎముకంతా కలిసిపోతుంది, దాని ఆల్ఫాలు చాలావరకు గట్టి ఖనిజంలోనే ఆగిపోతాయి. ప్లుటోనియం ఎముక పైపొరను పట్టుకుని, ఎముకను కట్టే కణాల పక్కనే మకాం వేస్తుంది. ఆల్ఫా ఒంట్లో వెళ్ళేది వెంట్రుక మందమంత దూరమే. ప్లుటోనియానికి ఆ దూరం చాలు.