మొహానికి బ్లర్ వేసేస్తే సరిపోతుందా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో ఫొటో ఎడిటింగ్ నా పని. పెళ్లి ఆల్బమ్‌లు, స్కూల్ యానివర్సరీలు ఎప్పుడూ ఉండేవే. ఈమధ్య మాత్రం "పక్కనున్నావిడ మొహం కనపడకుండా చేసివ్వండి, స్టేటస్ పెట్టుకోవాలి" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. జాగ్రత్త పెరిగింది, సంతోషం. కానీ బ్లర్ మీద జనానికున్న నమ్మకం చూస్తే నాకే టెన్షన్‌గా ఉంటుంది.

అపోహ: నా కంటికి కనపడలేదంటే ఇంకెవరికీ కనపడదు.

వాస్తవం: బ్లర్ మొహాన్ని పూర్తిగా చెరిపేయదు, పక్కపక్క చుక్కల రంగుల్ని కలిపేస్తుంది అంతే. సన్నని వివరాలు పోయినా మొత్తం రూపం మిగులుతుంది. పల్చగా బ్లర్ చేసిన ఫొటోనో, గళ్లుగళ్లుగా మొజాయిక్ వేసిన ఫొటోనో చేయి చాపినంత దూరంలో పెట్టి కళ్లు సగం మూసి చూడండి, తెలిసిన మనిషైతే ఇట్టే పోల్చుకుంటారు. నుదురు ఎక్కడిదాకా ఉంది, జుట్టు ఎలా దువ్వారు, గడ్డం ఉందా, కళ్లజోడు ఉందా, ఇవన్నీ అందులో మిగిలే ఉంటాయి. 2016లో టెక్సస్ యూనివర్సిటీ, కార్నెల్ టెక్ పరిశోధకులు ఇలా మసకేసిన మొహాల్ని కూడా కంప్యూటర్ గుర్తుపట్టగలదని చూపించారు. గమనించాల్సిందేంటంటే, ఆ కంప్యూటర్ బ్లర్ తీసేసి అసలు మొహం బయటపెట్టలేదు. ముందే తెలిసిన మనుషుల్లో ఈ మసక ఎవరిదై ఉంటుందో పోల్చి చెప్పింది. మన ఫొటోలకు ఇదే అసలు చిక్కు. నలభైమంది ఉన్న క్లాసులో ఒక పిల్లకి బ్లర్ వేస్తే, వెతికేవాడు ప్రపంచమంతా గాలించక్కర్లేదు, ఆ నలభైమందిలో చూసుకుంటే చాలు.

అపోహ: ఏఐ యాప్‌లో వేస్తే బ్లర్ పోయి అసలు మొహం వచ్చేస్తుంది.

వాస్తవం: వచ్చేది ఎవరిదో మొహం, అసలు మనిషిది కాదు. 2020లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల పల్స్ అనే ప్రోగ్రామ్‌కి ఒబామా మొజాయిక్ ఫొటో ఇస్తే ఒక తెల్లాయన మొహం తయారుచేసి ఇచ్చింది! పోయిన వివరాన్ని అది తిరిగి తేలేదు, తను నేర్చుకున్న మొహాల్లోంచి నప్పేదాన్ని అల్లుతుంది. అందుకే సీసీ కెమెరా ఫొటోని ఏఐతో శుభ్రం చేసి "దొంగ వీడే" అని గ్రూపుల్లో తిప్పడం మహా ప్రమాదం, ఏ పాపం తెలియనివాడు ఇరుక్కుంటాడు.

స్విర్ల్ సంగతి మాత్రం వేరు. మొహాన్ని సుడిలా తిప్పే ఎఫెక్ట్‌లో చుక్కలు చోటు మారతాయి గానీ చాలావరకు పోవు. వెనక్కి తిప్పితే మొహం వచ్చేస్తుంది. పిల్లల్ని హింసించిన ఒక నేరస్థుడు అలా మొహం దాచుకుంటే జర్మనీ పోలీసులు సుడి విప్పారు, ఇంటర్‌పోల్ ఆ ఫొటో విడుదల చేసింది, 2007లోనే థాయిలాండ్‌లో దొరికిపోయాడు.

అపోహ: మొహం దాస్తే మనిషి దాగినట్టే.

వాస్తవం: కానే కాదు, నేను ఎక్కువగా వాదించేది ఇక్కడే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు సాయం అందుకుంటున్నవాళ్ల ఫొటోలు ఎన్ని తిరిగాయో మీరూ చూసే ఉంటారు. అలాంటి ఫొటోలో ఒకావిడ మొహానికి బ్లర్ వేశారనుకోండి. వెనకాల ఇంటి గేటు, పక్కన ఏపీ 16 నంబరు బండి, గుమ్మంలో నిలబడ్డ కూతురు, ముంజేతి మీద పచ్చబొట్టు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముక్కూమొహం తెలియనివాడికి ఆవిడ ఎవరో తెలియదు నిజమే, అయినా వాడికి అవసరమూ లేదు. ఆ వీధివాళ్లకీ వియ్యాలవారికీ ఒక్క చూపు చాలు, ఆవిడ మొహమాటపడేదీ వాళ్ల దగ్గరే కదా.

పిల్లల విషయంలో ఇది చట్టం దాకా వెళ్తుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, నేరం చేశాడన్న ఆరోపణ ఉన్న పిల్లవాడైనా, బాధితుడైనా, సాక్షి అయినా పేరు, చిరునామా, స్కూలు, గుర్తుపట్టే ఇంకే వివరమైనా బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు గానీ రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లలు ఉండే ప్రాంతం కూడా చెప్పకూడదు. అలాంటప్పుడు మొహానికి మాత్రం బ్లర్ వేసి యూనిఫామ్ బ్యాడ్జీ కనపడేలా వదిలేస్తే దాచింది ఏముంది?

అపోహ: నల్ల మార్కర్‌తో గీసేస్తే తిరుగుండదు.

వాస్తవం: మార్కర్ ఎలాంటిదో చూసుకోవాలి. ఫోన్లలో హైలైటర్ లాంటి పెన్నులు అద్దంలా పల్చగా ఉంటాయి, పదిసార్లు రుద్దినా బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పెంచితే అడుగున ఉన్నది తేలుతుంది. వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో ఫొటో మీద నల్ల డబ్బా పెట్టి ఆ ఫైలే పంపితే, అవతలివాళ్లు డబ్బాని పక్కకి లాగేస్తారు. క్రాప్ చేసిన భాగమూ అంతే, మామూలుగా ఆ ఫైల్లోనే ఉండిపోతుంది. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్లు కత్తిరించే మార్కప్ అనే టూల్‌లోనే లోపం బయటపడింది, కత్తిరించిన స్క్రీన్‌షాట్లలో పోయిందనుకున్న ముక్కని కొంతవరకు వెనక్కి తెచ్చారు.

నేను చేసేది ఇది: మొహం, చెవులు, జుట్టు అంతా కలిపి ఒకే ముదురు రంగుతో పూర్తిగా నింపుతాను, లేయర్లన్నీ, అంటే ఫొటో, దాని మీద వేసిన రంగు పొరలన్నీ ఒకటి చేసి కొత్త జేపెగ్‌గా సేవ్ చేస్తాను. ఎమోజీ స్టిక్కర్ అయినా పర్లేదు, కాకపోతే పెద్దది పెట్టండి. చూడ్డానికి బాగోదంటారా, బ్లరే కావాలంటే ముందు రంగు నింపి దాని మీద వేయించుకోండి.

అపోహ: ఫొటోలో లొకేషన్ ఎక్కడుంటుంది?

వాస్తవం: ఫైల్లో ఉంటుంది, కెమెరాకి లొకేషన్ అనుమతి ఇస్తే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది. క్లారిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం అలాగే వెళ్తుంది. 2012లో తప్పించుకు తిరుగుతున్న జాన్ మెకాఫీ (మెకాఫీ యాంటీవైరస్ కంపెనీ పెట్టినాయన) గ్వాటెమాలాలో ఉన్నాడని ఒక పత్రిక పెట్టిన ఫొటోలోని లొకేషనే చెప్పేసింది.

అపోహ: వీడియోకి ఆటో బ్లర్ ఉందిగా.

వాస్తవం: ఉంది, యూట్యూబ్‌లో 2012 నుంచే ఉంది. మనిషి తల తిప్పినప్పుడో, చెయ్యి అడ్డొచ్చినప్పుడో ఇలాంటి టూల్ మొహాన్ని వదిలేసి, మళ్లీ పట్టుకునేలోపు రెండు మూడు ఫ్రేములు దాటిపోతాయి. ఒక్క ఫ్రేమ్ దగ్గర ఆపి స్క్రీన్‌షాట్ తీస్తే మొత్తం పని వృథా. తయారైన వీడియోని చివర్లో ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడండి. అంత తీరిక లేకపోతే ఆ ముక్క కత్తిరించేయడమే నయం.