పురుషుల జట్టుకు మహిళా కోచ్: షికాగో గెలుపు వెనుక యాభై ఏళ్ల కథ

2022 డిసెంబర్ 3న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, సేలం పట్టణంలో ఒక కాలేజీ సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) ఫైనల్ జరిగింది. యూనివర్సిటీ ఆఫ్ షికాగో పురుషుల జట్టు విలియమ్స్ కాలేజీని 2-0తో ఓడించి మొదటిసారి జాతీయ టైటిల్ అందుకుంది. ఆ సీజన్‌లో ఆడిన 23 మ్యాచ్‌లలో 22 గెలిచి, ఒకటి డ్రా చేసుకుంది. ఒక్కటీ ఓడలేదు. కానీ మర్నాడు అందరూ మాట్లాడుకున్నది ఆ జట్టు హెడ్ కోచ్ జూలియాన్ సిచ్ గురించి. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పోటీల్లో పురుషుల సాకర్ జట్టును జాతీయ చాంపియన్‌గా నిలిపిన మొదటి మహిళ ఆమె. ఆ ఉద్యోగంలో చేరింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు 'మొదటి మహిళ' అని పొగిడి ఊరుకోవడం మామూలే. నాకైతే అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. అమెరికాలో ఆడపిల్లలు లక్షల్లో సాకర్ ఆడతారు. ఆ దేశపు మహిళా జట్టు ప్రపంచకప్‌ను నాలుగుసార్లు గెలిచింది. ఆట తెలిసిన ఆడవాళ్లకు అక్కడ కొదవ లేదు. మరి ఒక మహిళ పురుషుల కాలేజీ జట్టుకు కోచ్‌గా ఉండి టైటిల్ గెలవడానికి 2022 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? ఆట చరిత్రలో వెతికితే దీనికి జవాబు దొరకదు. కోచింగ్ ఉద్యోగాలు ఎవరికి, ఎలా ఇచ్చారన్న చరిత్రలో దొరుకుతుంది.

ముందు ఆ కాలేజీల సంగతి. ఎన్‌సీఏఏ తన సభ్య సంస్థలను 1973లో మూడు డివిజన్లుగా విడదీసింది. టీవీలో కనిపించే పెద్ద జట్లు, కోట్ల డాలర్ల ఒప్పందాలు మొదటి డివిజన్‌వి. షికాగో గెలిచింది మూడో డివిజన్‌లో. అందులో 400కు పైగా కాలేజీలున్నాయి. సంఖ్యలో అదే అన్నిటికంటే పెద్దది, డబ్బులో అన్నిటికంటే చిన్నది. అక్కడ ఆటను బట్టి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. మార్కులను బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం వేరు. మన పిల్లలు ఎంఎస్ కోసం దరఖాస్తు పెట్టే కార్నెగీ మెలన్, కేస్ వెస్టర్న్, ఎన్‌వైయూ, రోచెస్టర్ ఈ డివిజన్‌లోవే. ఇవన్నీ షికాగో ఉన్న లీగ్‌లోనే ఆడతాయి కూడా. చదువులో పెద్ద పేర్లే, కానీ సాకర్ బడ్జెట్ విషయంలో చిన్న కాలేజీల కిందే లెక్క.

షికాగో ఒకప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్‌లో మహా బలమైన జట్టు. ఆ ఆటలో అత్యున్నత వ్యక్తిగత పురస్కారమైన హైస్‌మన్ ట్రోఫీకి 1935లో తొలి విజేత అక్కడి ఆటగాడే. నాలుగేళ్లకే, 1939లో, యూనివర్సిటీ ప్రెసిడెంట్ రాబర్ట్ హచిన్స్ ఆ జట్టునే రద్దు చేయించారు. 1946లో బిగ్ టెన్ అనే పెద్ద లీగ్ నుంచి కూడా ఆ యూనివర్సిటీ బయటికి వచ్చేసింది. ఫుట్‌బాల్ జట్టు తర్వాత తిరిగి వచ్చింది గానీ, ఆటల మీద సంపాదించాలన్న ఆలోచన మాత్రం తిరిగి రాలేదు.

ఇలాంటి చోట కోచింగ్ స్టాఫ్ అంటే సాధారణంగా ఒక హెడ్ కోచ్, ఒక అసిస్టెంట్, వీలైతే పార్ట్‌టైమ్‌గా వచ్చే గోల్‌కీపర్ కోచ్. అసిస్టెంట్‌కు ఇంకో ఉద్యోగం కూడా ఉండటం అరుదేమీ కాదు. కొన్ని కాలేజీల్లో పురుషుల జట్టుకూ మహిళల జట్టుకూ కోచ్ ఒక్కరే. ప్రాక్టీస్ నడపడం ఈ పనిలో ఒక భాగం మాత్రమే. హైస్కూల్ పిల్లల ఆట చూడటం, తల్లిదండ్రులతో మాట్లాడటం, అడ్మిషన్ల ఆఫీసు చుట్టూ తిరగడం, బస్సు, భోజనం, హోటల్ చూసుకోవడం అన్నీ ఈ ముగ్గురి నెత్తినే. స్కాలర్‌షిప్ ఇస్తామని చెప్పలేరు కాబట్టి, ఒక పిల్లవాణ్ని తమ కాలేజీకి రప్పించాలంటే మాటతీరు, నమ్మకమే పెట్టుబడి. ఇంత తక్కువమంది ఉన్న స్టాఫ్‌లో అసిస్టెంట్ పోస్టు ఒక్కటే అయితే, అది ఎవరికి దక్కిందన్నదే పదేళ్ల తర్వాత హెడ్ కోచ్ ఎవరవుతారో చాలావరకు తేల్చేస్తుంది.

ఇక 1972. ఆ ఏడాది జూన్ 23న టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ఫెడరల్ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష చూపకూడదన్నది దాని సారం. ఆటల్లో దాని ఫలితం అద్భుతం, అందులో సందేహం లేదు. కాలేజీలు మహిళల జట్లు పెట్టక తప్పలేదు. ఆడేవాళ్ల సంఖ్య ఏటా పెరిగింది.

అదే చట్టం తర్వాత జరిగిన ఇంకో మార్పును మాత్రం చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బ్రూక్లిన్ కాలేజీ ప్రొఫెసర్లు వివియన్ అకోస్టా, లిండా కార్పెంటర్ దాన్ని పట్టుకున్నారు. దేశమంతటా కాలేజీలకు ప్రశ్నావళులు పంపి, కోచ్‌లెవరు, అధికారులెవరు అని లెక్క తీశారు. ఏదో ఒక ఏడాది చేసి వదిలేయలేదు. 37 ఏళ్ల పాటు, 2014 వరకు, ఆ పని సాగించారు. ఈ విషయంలో ఇవాళ అంకెలతో మాట్లాడగలుగుతున్నామంటే అది వాళ్ల ఓపిక పుణ్యమే.

1972లో మహిళల జట్లకు కోచ్‌లుగా ఉన్నవాళ్లలో 90 శాతానికి పైగా మహిళలే. 2014కు అది సుమారు 43 శాతానికి పడిపోయింది. పురుషుల జట్లలో మహిళా కోచ్‌ల వాటా మాత్రం మొదటి నుంచీ రెండు మూడు శాతం దగ్గరే నిలిచిపోయింది. అంటే మహిళల జట్లలో సగానికి పైగా ఉద్యోగాలు మగవాళ్లకు వెళ్లాయి. పురుషుల జట్ల వైపు నుంచి ఆడవాళ్లకు మాత్రం ఏమీ రాలేదు.

ఇదెలా జరిగింది? 1972కు ముందు మహిళల ఆటలను నడిపింది ఎక్కువగా వ్యాయామ విద్యా విభాగాల్లోని ఆడ టీచర్లు. అదనపు జీతం ఉంటే కొంచెం, చాలాచోట్ల అదీ లేదు. చట్టం వచ్చాక జీతాలు పెరిగాయి, పూర్తికాలపు పోస్టులు వచ్చాయి. జీతం రాగానే మగ అభ్యర్థులూ వచ్చారు. అదే సమయంలో కాలేజీలు పురుషుల, మహిళల క్రీడా విభాగాలను కలిపేశాయి. కలిపిన ప్రతిచోటా పై కుర్చీలో దాదాపు మగ డైరెక్టరే కూర్చున్నాడు. 1972లో మహిళల క్రీడా విభాగాల్లో పదింట తొమ్మిదికి పైగా మహిళల నాయకత్వంలోనే ఉండేవి. 1980ల నడుమకు అది ఐదో వంతు కంటే తక్కువైంది. తమకు తెలిసినవాళ్లనే, తమతో ఆడినవాళ్లనే పిలిచి ఉద్యోగమిచ్చే అలవాటు ఎక్కడైనా ఉన్నదే. అందుకు ప్రత్యేకంగా కుట్ర అవసరం లేదు.

పైగా మహిళలు సొంతంగా కట్టుకున్న ఒక సంస్థ కూడా పోయింది. 1971లో పుట్టిన ఏఐఏడబ్ల్యూ మహిళల జాతీయ చాంపియన్‌షిప్‌లు తానే నడిపేది. ఎన్‌సీఏఏ 1980ల మొదట్లో మహిళల పోటీలు మొదలుపెట్టేసరికి కాలేజీలు అటు వెళ్లాయి, టీవీ ఆదాయం పోయింది, కోర్టుకు వెళ్లినా ఫలితం దక్కలేదు. సంస్థ మూతపడింది. దాంతో మహిళా అధికారుల ఒక తరం చేతుల్లోంచి అధికారం జారిపోయింది. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువ బాధించే భాగం ఇదే.

సాకర్‌లో ఈ అసమానత మరీ స్పష్టంగా కనిపిస్తుంది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఆన్సన్ డోరెన్స్ 1979 నుంచి 1988 దాకా పురుషుల జట్టుకూ మహిళల జట్టుకూ ఒకేసారి కోచ్‌గా ఉన్నారు. గొప్ప కోచ్, అందులో వాదన లేదు. కానీ ఒక మగ కోచ్‌కు రెండు తలుపులూ అంత సహజంగా తెరుచుకున్నాయి. 1985లో పుట్టిన అమెరికా మహిళల జాతీయ జట్టుకే మహిళా హెడ్ కోచ్ రావడానికి 2000 దాకా, ఏప్రిల్ హైన్రిక్స్ దాకా, ఆగాల్సి వచ్చింది.

ఆ జాతీయ జట్టు మొదటి మ్యాచ్ 1985 ఆగస్టు 18న ఇటలీలోని జెసోలోలో ఇటలీతోనే జరిగింది. ఆనాటి గోల్‌కీపర్ కిమ్ వయంట్. ఎన్‌సీఏఏ మొదటి మహిళల సాకర్ ఫైనల్‌లో, 1982లో, సెంట్రల్ ఫ్లోరిడా తరఫున ఆడింది కూడా ఆమే. అమెరికా మహిళల సాకర్ ఆరంభమంతా ఆమె కళ్ల ముందే జరిగింది. అలాంటి మనిషి పురుషుల కాలేజీ జట్టుకు హెడ్ కోచ్ అయింది 2015లో, న్యూయార్క్‌లో, అదీ మూడో డివిజన్‌లోని ఎన్‌వైయూలో. మొదట తాత్కాలికంగానే తీసుకున్నారు. సీజన్ బాగా గడిచాక పోస్టు ఖాయం చేశారు. అప్పటికి ఎన్‌సీఏఏ పురుషుల సాకర్‌లో మహిళా హెడ్ కోచ్ ఆమె ఒక్కరే.

ఆ 'తాత్కాలికం' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. జాతీయ జట్టు మొదటి గోల్‌కీపర్‌కు కూడా ముందు ఒక సీజన్ పాటు నిరూపించుకుంటేనే ఉద్యోగం దక్కింది. షికాగోలో సిచ్‌కు ఆ పరీక్ష లేదు. డిపాల్ యూనివర్సిటీలో ఆడి, ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడి, షికాగో రెడ్ స్టార్స్ అనే మహిళల ప్రొఫెషనల్ జట్టులో అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసిన అనుభవంతో ఆమె నేరుగా హెడ్ కోచ్‌గా వచ్చారు. ఏడేళ్లలో వచ్చిన తేడా ఇది. 2022 అక్టోబర్ చివర్లో ఈ ఇద్దరి జట్లూ తలపడ్డాయి. ఇద్దరు మహిళా హెడ్ కోచ్‌లు ఎదురెదురుగా నిలబడిన మొదటి ఎన్‌సీఏఏ పురుషుల సాకర్ మ్యాచ్ అది.

ఈ మార్పు చిన్న కాలేజీల నుంచే రావడం కాకతాళీయం అనుకోను. పెద్ద డివిజన్లలో ఒక్క చెడ్డ సీజన్ వస్తే డైరెక్టర్ ఉద్యోగానికే ఎసరు, అక్కడ అందరికీ టెన్షనే. కాబట్టి ఇదివరకు పెట్టినలాంటి మనిషినే మళ్లీ పెట్టుకుంటారు. మూడో డివిజన్‌లో ఆ ఒత్తిడి తక్కువ. పిల్లలతో ఎలా మెలుగుతారు, చదువును ఎంత గౌరవిస్తారు అన్నవి అక్కడ ఇంటర్వ్యూలో నిజంగా లెక్కలోకి వస్తాయి.

అయితే ఇద్దరు హెడ్ కోచ్‌లను చూసి తృప్తిపడితే అసలు చోటు చూడనట్టే. చూడాల్సింది ఆ ఒక్క అసిస్టెంట్ పోస్టు. మూడో డివిజన్ కాలేజీలు మహిళలను, మైనారిటీ వర్గాలవారిని ఇంటర్న్‌లుగా పెట్టుకోవడానికి ఎన్‌సీఏఏ రెండేళ్ల గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. మంచి పనే. కానీ గ్రాంట్ గడువు తీరాక కాలేజీ ఆ పోస్టును సొంత బడ్జెట్‌లోకి తీసుకోకపోతే ఆ అమ్మాయి మళ్లీ మొదటి మెట్టు దగ్గరికే వస్తుంది. మహిళల జట్టులో ఇంటర్న్‌గా చేసినవాళ్లను పురుషుల జట్టు ఇంటర్వ్యూకు పిలవడం కూడా ఇంకా అరుదే. ఆడినప్పుడు, అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు సిచ్‌కు దొరికిన అనుభవంలో ఎక్కువ భాగం మహిళల ఆటలోదే, ఆ అనుభవం పురుషుల జట్టుకు సరిపోతుందని షికాగో నమ్మింది. 400 కాలేజీల్లో ఇంకెన్ని నమ్ముతాయో వచ్చే నియామకాల్లో తెలుస్తుంది.