కోరంగి: ఒండ్రు ముంచిన రేవు, ఒండ్రు పెంచిన అడవి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి అభయారణ్యం ఉంది. అక్కడి చెక్కవంతెన మీద నడుస్తుంటే తెల్లమడ కొమ్మలు చేతికి అందుతాయి. వాన లేని రోజు ఆకును వేలితో రుద్ది, ఆ వేలు నాలుకకు తాకించి చూడండి. ఉప్పు! మట్టిలోని వేళ్ల దగ్గర వడకట్టగా ఇంకా లోపలికి వచ్చిన ఉప్పును ఈ చెట్టు ఆకుల్లోని గ్రంథుల నుంచి బయటకు నెట్టేస్తుంది. అయితే చెట్టేదో తెలిశాకే చెయ్యి పెట్టండి. అదే అడవిలో తిల్ల కూడా ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

వంతెన కింద ఉన్నదంతా బురద. కుళ్లిన గుడ్ల వాసన. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి అక్కడి బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుని బతుకుతుంది, ఆ వాసన దాని పనే. వేళ్లకూ గాలి కావాలి కనుక మడచెట్లు వాటిని మేకుల్లా పైకి పొడుస్తాయి. ఉప్పుపొన్న అనే మరో మడచెట్టు ఇంకో ఆకు ఎక్కువే చదివింది. గింజను కింద పడేయకుండా చెట్టు మీదే మొలకెత్తించి, ములక్కాడంత చేసి, అప్పుడు బురదలోకి వదులుతుంది.

ఇంత బురద ఎక్కడిది? గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. గౌతమి నుంచి విడిపోయిన కోరంగి, గాడేరు పాయలు ఈ అడవి గుండా కాకినాడ అఖాతంలోకి పోతాయి. వరద నీటిలోని సన్నని మట్టిరేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. ఉప్పునీరు తగలగానే ఆ నెట్టుడు తగ్గి, పాలు విరిగినట్టు ముద్దలు కట్టి అడుక్కి దిగుతాయి. ఇలా దిగిన ఒండ్రే ఇక్కడి చరిత్రనంతా నడిపించిందని నా లెక్క.

ఈనాడు తాళ్లరేవు మండలంలో ఒక పల్లె అయిన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే, మరమ్మతు చేసే రేవు. ఇక్కడి నుంచి బర్మా ఓడలెక్కిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు 'కోరంగీలు' అన్నారు. రేవు పోయినా ఆ పిలుపు రంగూన్‌లో చాలాకాలం మిగిలింది. 1789 డిసెంబరు తుఫానులో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. 'సైక్లోన్' అనే మాటను వాడుకలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్ ఈ ఉప్పెన గురించి రాశాడు. 1839 నవంబరులో మరో ఉప్పెన. అందులో 3 లక్షల మంది పోయారని ఎక్కడ చూసినా రాస్తారు కానీ, ఇంత చిన్న తీరంలో ఆ అంకె నాకు నమ్మబుద్ధి కాదు. నష్టం మాత్రం ఘోరం. రెండు ఉప్పెనలు తిన్న రేవుకు పాయ పూడిక కూడా తోడైంది. పెద్ద ఓడలు లోపలికి రాలేక వ్యాపారం కాకినాడకు తరలింది.

రేవును ముంచిన ఒండ్రే కాకినాడకు కాపలా కాస్తోంది. గౌతమి మోసుకొచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టగా నెట్టగా, సుమారు 200 ఏళ్లలో 16 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఇసుకదిబ్బ తయారైంది. అదే హోప్ ఐలాండ్. బంగాళాఖాతం అలల దెబ్బ ముందు అది తింటుంది, లోపల అఖాతం నిమ్మళంగా ఉంటుంది. దాని బయటివైపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. లోపలివైపు మడ నీడలో రొయ్య పిల్లలు, మండపీతలు పెరుగుతాయి. వాటి కోసం నీటికుక్కలు, రాత్రి పూట చేపలు పట్టే బావురుపిల్లులు తిరుగుతాయి. 1978లో ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు.

ఇక పులస సంగతి. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. జూలైలో ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి గోదావరి ఎదురెక్కుతుంది. ఉప్పునీరు వదిలి మంచినీటిలో ఈదేకొద్దీ రుచి మారుతుందని, అప్పుడే అది పులస అవుతుందని గోదావరి వాళ్ల మాట. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత అలా పుట్టింది. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు అన్నం దొరికింది, అక్కడి నుంచి పైకి పులసకు దారి మూసుకుపోయింది. ఎండాకాలం మంచినీరు కిందికి దాదాపుగా రాకపోవడంతో ఉప్పునీరు పాయల్లో చాలా దూరం పైకి పాకుతుంది. వరద రోజుల్లో అంతా తలకిందులు, నది ముఖద్వారం దాకా మంచినీరే.

ఆనకట్ట ఒక్కటే అయితే ఏదోలా నెగ్గుకొచ్చేవాళ్లం. ఎగువన మహారాష్ట్ర, తెలంగాణ దాకా కట్టిన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతోంది. గోదావరి సముద్రానికి మోసుకెళ్లే ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 1990లకు 6 కోట్ల లోపుకు పడిపోయింది. డెల్టా అంచును అలలు ఎప్పుడూ కొరుకుతూనే ఉంటాయి, నది ఆ కొరికిన చోటును పూడుస్తూ వచ్చేది. ఇప్పుడు ఆ పూడ్చే మట్టే తగ్గింది. గోదావరి ముఖద్వారాల దగ్గర తీరం పలుచోట్ల వెనక్కి జరిగింది.

కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో కోతకు హోప్ ఐలాండ్ కొస, పోర్టు కట్టడాలు కూడా కారణమంటారు. ఉత్తరానికి పోవాల్సిన ఇసుక మధ్యలోనే ఆగిపోతుంది. తుఫాను వచ్చినప్పుడల్లా అక్కడ ఇళ్లు, బీచ్ రోడ్డు ముక్కలు సముద్రంలోకి జారుతాయి. నీళ్లు తగ్గాక లారీలు వచ్చి రాళ్లు పోసి వెళ్తాయి.