పదమూడో చుట్టు దాటాక

గాలిలోకి మెరుపులు విసిరేలా మా మేనల్లుడు భీమవరంలో చేసిన టెస్లా కాయిల్‌లో సగం సరుకు రొయ్యల చెరువుల పుణ్యమే. నిలువుగా నిలబెట్టిన పీవీసీ గొట్టం, చెరువుకు నీరు తోడే పైపులో మిగిలిన ముక్క. దాని మీద వెయ్యి చుట్లు చుట్టిన ఎనామిల్ తీగ, ఏరేటర్ మోటార్లు రీవైండింగ్ చేసే దుకాణంలో తూకానికి కొన్నది. ఇది సెకండరీ. దాని నెత్తిన అల్యూమినియం గొట్టాన్ని గారెలా వంచి కూర్చోబెట్టాడు. అడుగున ఏసీలకు వాడే రాగి గొట్టం, దోమల కాయిల్‌లా పరిచిన పదిహేను చుట్లు. ఇది ప్రైమరీ.

మొదటి రాత్రి మెరుపు బెత్తెడు వచ్చింది. “మామయ్యా, లెక్క సరిగ్గానే వేశాను” అన్నాడు దిగాలుగా. చూశాను, సరిగ్గానే ఉంది. సెకండరీ సహజ పౌనఃపున్యం, అంటే అందులో కరెంటు తనంతట తాను ఊగే వేగం, 200 కిలోహెర్ట్‌జ్. ప్రైమరీలో చార్జిని నిల్వచేసే 10 నానోఫారడ్ల కెపాసిటర్‌కు జతగా 63 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ (చుట్లు పెరిగితే పెరిగే గుణం) ఉంటే అదే పౌనఃపున్యం వస్తుంది. ఆ రాగి చుట్టలో అది పదమూడో చుట్టు దాటిన కాస్త దూరంలో ఉంది. ఎన్ని చుట్లు వాడాలో నిర్ణయించే క్లిప్పు అక్కడే పెట్టాడు.

ప్రైమరీ, సెకండరీ పౌనఃపున్యాలు రెండూ ఎందుకు కలవాలో దండెం మీద చూడవచ్చు. వదులుగా కట్టిన దండేనికి సమాన పొడవున్న దారాలతో రెండు తాళంచెవుల గుత్తులు వేలాడదీసి, ఒకదాన్ని ఊపండి. కాసేపటికి అది ఆగిపోతుంది, దాని ఊపంతా రెండోది అందుకుంటుంది. ఒక దారం కాస్త పొడవు చేస్తే రెండోది కొంచెం కదిలి ఊరుకుంటుంది. 1891లో నికొలా టెస్లా చేసిందీ ఇదే, దారాల బదులు తీగలతో.

మరి లెక్క సరిపోయినా మెరుపు ఎందుకు సాగలేదు? మెరుపు లేనప్పటి సెకండరీకి లెక్క కట్టాడు కాబట్టి. అయనీకరణ చెందిన గాలి కూడా వాహకమే. గారె నుంచి మెరుపు బయటికి సాగిందంటే పైన కొంత లోహం అతికించినట్టే, చార్జిని పట్టి ఉంచే శక్తి (కెపాసిటెన్స్) ఆ మేరకు పెరుగుతుంది. ఇలాంటి కాయిళ్లు చేసే ఔత్సాహికులు మెరుపు అడుగుకు సుమారు ఒక పికోఫారడ్ అని అంచనా వేసుకుంటారు. సెకండరీ, గారె కలిపి మొత్తం 25 పికోఫారడ్లు అయినప్పుడు రెండడుగుల మెరుపు 8 శాతం కలుపుతుంది. పౌనఃపున్యం దాదాపు 4 శాతం తగ్గి 192కు దిగుతుంది. ప్రైమరీ మాత్రం 200 దగ్గరే ఊగుతూ ఉంటుంది. మెరుపు పెరిగిన కొద్దీ పొంతన చెడుతుంది, మెరుపు అక్కడే ఆగుతుంది.

నరసాపురం రేవులో గోదావరి దాటే పంటు ఎక్కినవారికి ఇది కొత్తేమీ కాదు. ప్రవాహం కిందికి లాగుతున్నప్పుడు అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు నేరుగా నడిపితే రేవు తప్పిపోతుంది. అందుకే సరంగు కాస్త ఎగువకు గురిపెడతాడు. ఇక్కడ కూడా ప్రైమరీని ముందే కొంచెం తక్కువ పౌనఃపున్యానికి దించాలి, అంటే క్లిప్పును బయటి వైపు జరపాలి. 63 మైక్రోహెన్రీలు 68 కావాలి, సుమారు అర చుట్టు.

జరిపే ముందు ప్రతిసారీ ప్లగ్గు పీకి, పొడవాటి ప్లాస్టిక్ పిడి ఉన్న తీగతో కెపాసిటర్‌ను షార్ట్ చేయించి, అందులో మిగిలిన చార్జిని దింపించాను. దీనికి కరెంటు ఇచ్చే, నియాన్ బోర్డులకు వాడే ట్రాన్స్‌ఫార్మర్ 9,000 వోల్టులది. ప్రాణం తీయడానికి అదే చాలు, పైన మెరిసే మెరుపు దాకా పోనక్కర్లేదు. సెకండరీ అడుగు కొసకు ఇంటి ఎర్త్ కాక, పెరట్లో విడిగా రాడ్డు దిగ్గొట్టాం. ఈ విషయంలో డెల్టా నేల ఉదారమైనది, నాలుగడుగులకే తడి తగిలింది.

పావు చుట్టు జరిపితే మెరుపు జానెడయింది. ఇంకో పావుకు గారె నుంచి మూర పైనే సాగి, కొస చీలి, ఓజోను వాసన వేసింది. ఇంకా జరిపితే మళ్లీ కుంచించుకుపోయింది. వెనక్కి తెచ్చి, అక్కడ గోళ్లరంగుతో గీత పెట్టాడు.

ఇప్పుడు పైన ఇంకా పెద్ద గారె పెడతానంటున్నాడు. అప్పుడు సెకండరీ మరింత కిందికి దిగుతుంది, ఉన్న పదిహేను చుట్లు చాలకపోవచ్చు. ఇంకో చుట్టుకు రెండు గజాల రాగి గొట్టం కావాలి. అది ఇప్పటికే మంచం కింద ఉందని మా చెల్లెలు చెప్పింది.