దొంగే 'దొంగా దొంగా' అని అరిస్తే: నకిలీ యాంటీవైరస్ గురించి అపోహలు, వాస్తవాలు

శనివారం పొద్దున్నే మున్నేకొళాల నుంచి ఫోన్. "బాబూ, కంప్యూటర్ సైరన్ మోగుతోంది. కింది ఫ్లాట్ వాళ్ళు కూడా పైకొచ్చి ఏమైందని అడిగారు. ఆఫ్ చేస్తే హార్డ్ డిస్క్ మొత్తం పోతుందని రాసుంది. చెయ్యాలా, వద్దా?"

కనిగిరి దగ్గర హెడ్మాస్టరుగా చేసి రిటైరై, బెంగళూరులో కొడుకు ఇంటికొచ్చిన పెద్దాయన. లలితా సహస్రనామం పీడీఎఫ్ కోసం వెతుకుతూ పచ్చగా, పెద్దగా కనిపించిన డౌన్‌లోడ్ బటన్ నొక్కారట. కొడుకూ కోడలూ ఇంట్లో లేరు. "గోడ దగ్గర స్విచ్ తీసెయ్యండి మాస్టారూ" అన్నాను. తీశారు. సైరన్ ఆగింది. హార్డ్ డిస్క్ ఇప్పటికీ బాగానే ఉంది.

నేను ఎస్.పి. రోడ్డులో (బెంగళూరులో కంప్యూటర్ సామాన్ల బజారు) ఒక షాపులో హెల్పర్‌గా చేరేనాటికి 'ఎక్స్‌పీ యాంటీవైరస్' లాంటి నకిలీ సరుకు జోరుగా నడుస్తోంది. ఇప్పుడు మారతహళ్ళిలో సొంతంగా చిన్న రిపేర్ షాపు. మధ్యలో విండోస్‌లు మారాయి, పేర్లు మారాయి, ఆట మాత్రం అదే: లేని రోగం చూపించి మందు అమ్మడం. ఈ ఆటలో చాలాసార్లు, వైరస్ వచ్చిందని అరిచే ఆ ఎర్ర తెరకి మన కంప్యూటర్ మీద ఏ అధికారమూ ఉండదు. మనం నొక్కితేనో, ఫోన్ చేస్తేనో, డబ్బు కడితేనో ఉంటుంది. కస్టమర్ల నోట నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "స్కాన్ చేసి మరీ చూపించింది, 39 వైరస్‌లున్నాయని. అబద్ధం ఎలా అవుతుంది?"

మనం తెరిచిన వెబ్ పేజీకి మన డిస్క్‌లోని ఫైళ్ళను తిరగేసి చూసే వీలు లేదు. బ్రౌజర్ ఆ పని చేయనివ్వదు. పేజీకి తెలిసేది మీ బ్రౌజర్ ఏది, విండోసా మ్యాకా, ఇంటర్నెట్ కనెక్షన్‌ని బట్టి సుమారుగా ఏ ఊరు అన్నంత వరకే. "మీరు బెంగళూరులో విండోస్ వాడుతున్నారు" అని కనిపించగానే చాలామంది "అమ్మో, అన్నీ తెలిసిపోయాయి" అనుకుంటారు. చిలక జ్యోతిష్యుడు మన చేతిలో బస్ టికెట్ చూసి "దూరం నుంచి వచ్చావు నాయనా" అన్నట్టే ఇది.

ఆ పాకే పచ్చ గీత, పెరిగే అంకె, వేగంగా దొర్లిపోయే ఫైళ్ళ పేర్లు అన్నీ ముందే తయారుచేసి పెట్టుకున్న బొమ్మ. నా షాపులో విండోస్ బదులు లైనక్స్ అనే వేరే సిస్టమ్ ఉన్న మెషీన్ మీద కూడా ఇలాంటి పేజీ ఒకటి "సి డ్రైవ్‌లో ట్రోజన్ దొరికింది" అని చెప్పింది. ట్రోజన్ అంటే మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చే దొంగ ప్రోగ్రామ్. లైనక్స్‌లో సి డ్రైవ్ అనేదే ఉండదు.

ఇలాంటిది తెర నిండా పరుచుకుని కదలనివ్వకపోతే ఎస్కేప్ కీని కాసేపు నొక్కిపట్టండి. లేదా ఎఫ్11, ఆల్ట్‌తో ఎఫ్4. వేటికీ లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎంచుకుని 'ఎండ్ టాస్క్' కొట్టండి. మళ్ళీ తెరిచినప్పుడు "పాత పేజీలు తిరిగి తేవాలా" అని అడుగుతుంది. వద్దనండి, లేదంటే అదే సైరన్ మళ్ళీ మొదలు. మీరు ఏదీ డౌన్‌లోడ్ చేసి తెరవకపోతే ఇంతటితో సరి, తీసేయడానికి లోపల ఏమీ లేదు. మాస్టారి కేసు కూడా ఇదే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీగా ఉంది. ఆయన దగ్గర కాఫీ తాగాను, డబ్బు తీసుకోలేదు.

అపోహ: "బ్రౌజర్ మూసినా మూలన మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. అంటే లోపలికి దూరిందన్నమాట."

ఈ రోజుల్లో నా దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. కుడి పక్క కింద "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది", "5 వైరస్‌లు దొరికాయి" అని చిన్న పెట్టె వస్తుంది. ప్రముఖ కంపెనీ లోగో కూడా ఉంటుంది. దాన్ని పరకాయించి చూడండి: చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరు, ఏదో తలాతోకా లేని సైట్ పేరు కనిపిస్తాయి. ఎప్పుడో ఫ్రీ సినిమా సైట్‌లోనో, క్రికెట్ లైవ్ సైట్‌లోనో "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి 'అలో' (అనుమతించు) బటన్ నొక్కండి" అంటే నొక్కి ఉంటారు. ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే అనుమతి మనమే ఇచ్చాం.

క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకు వెళ్తే అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియని వాటన్నిటినీ తీసేయండి. రెండు నిమిషాల పని. దీనికి వెయ్యి రూపాయలు తీసుకునే వాళ్ళు నా వృత్తిలోనే ఉన్నారు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

అపోహ: "మైక్రోసాఫ్ట్ హెల్ప్‌లైన్ నంబరే ఇచ్చారు. పైగా నా కంప్యూటర్‌లోనే ఎర్రగుర్తులు చూపించారు."

మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. ఈ మాట ఆ కంపెనీయే చెబుతోంది. నంబర్ కనిపించిందంటే అది నకిలీ, ఇంకో పరీక్ష అక్కర్లేదు.

ఎర్రగుర్తుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అవతలివాడు మొదట ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ (దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపించేది) వేయిస్తాడు. అది మంచి పనిముట్టే, నేనూ వాడతాను, కానీ ఇంటి తాళంచెవి లాంటిది. లోపలికి రాగానే ఈవెంట్ వ్యూయర్ తెరుస్తాడు. విండోస్‌లో జరిగే ప్రతి చిన్న పనినీ రాసిపెట్టే దినచర్య పుస్తకం అది. ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నా, వైఫై ఒక క్షణం పోయినా అందులో పసుపు, ఎరుపు గుర్తులు పడతాయి. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లోనూ వందల కొద్దీ ఉంటాయి. కావాలంటే మీది తెరిచి చూసుకోండి.

అది చాలకపోతే నల్ల తెర మీద 'ట్రీ' అనే కమాండ్ కొడతాడు. అది మీ ఫోల్డర్ల పేర్లు వరసగా చూపించే కమాండ్, అంతే. అక్షరాలు జర్రున పరిగెడుతుంటే "చూశారా, హ్యాకర్ మీ ఫైళ్ళు లాగేస్తున్నాడు" అంటాడు. జాబితా చివర తనే "సెక్యూరిటీ ఎక్స్‌పైర్డ్" అని టైప్ చేస్తాడు, కంప్యూటరే చెప్పినట్టు కనిపిస్తుంది. మూడేళ్ళ క్రితం కె.ఆర్. పురంలో ఒకావిడ ఈ నాటకానికి 4,999 రూపాయలు కట్టారు. ఆమె లెక్కల టీచర్. తెలివికీ దీనికీ సంబంధం లేదు. భయపడినప్పుడు ఎవరైనా అంతే.

ఇదే కథ మెయిల్ రూపంలోనూ వస్తుంది: "మీ యాంటీవైరస్ రెన్యూవల్‌కి ఇంత డబ్బు కట్ అయింది, రద్దుకి ఈ నంబర్‌కి చేయండి" అని. ముందు బ్యాంకు యాప్ తెరిచి నిజంగా కట్ అయిందో లేదో చూడండి. మెయిల్‌లో ఉన్న నంబర్‌కి మాత్రం చేయకండి.

అపోహ: "డబ్బు కట్టాక క్లీన్ అని వచ్చింది. అంటే పని చేసినట్టే కదా?"

వైరస్ ఉందని చెప్పిందీ అదే, పోయిందని చెప్పిందీ అదే. 2008 డిసెంబరులో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల మోసాలను చూసే ప్రభుత్వ సంస్థ) కోర్టుకెక్కింది. విన్‌ఫిక్సర్, డ్రైవ్‌క్లీనర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి పేర్లతో దొంగ స్కాన్లు చూపించి 10 లక్షల మందికి పైగా జనానికి సాఫ్ట్‌వేర్ అంటగట్టారని కేసు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకోటి. ఆఫీస్ డిపో అని అమెరికాలో పెద్ద స్టోర్ల సంస్థ. అక్కడ ఉచితంగా కంప్యూటర్ చెకప్ చేసేవారు. మొదట్లో నాలుగు ప్రశ్నలు: మెషీన్ స్లోగా ఉందా, పాపప్‌లు వస్తున్నాయా, ఇలాంటివి. ఒక్కదానికి 'అవును' అని టిక్ పెట్టినా చాలు, లోపల ఏమున్నా లేకపోయినా 'మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షణాలున్నాయి' అని రిపోర్టు వచ్చేదని కమిషన్ ఆరోపించింది. 2019లో ఆ సంస్థా, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంస్థా కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టి ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రీ చెకప్ బోర్డు పెట్టిన ప్రతి షాపువాడూ, నాతో సహా, ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

అసలుదో నకిలీదో తేల్చడానికి నేను మొదట చూసేది ఒకటుంది. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరవండి. దాని సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ప్రొవైడర్స్' అని ఉంటుంది. విండోస్ గుర్తించిన యాంటీవైరస్ పేర్లు అక్కడ కనిపిస్తాయి. తెర మీద అరుస్తున్న పేరు ఆ జాబితాలో లేకపోతే గట్టిగా అనుమానించండి. తర్వాత దాని ప్రవర్తన చూడండి. నిన్ననే విండోస్ వేసిన మెషీన్‌లో అర నిమిషానికి మూడు వందల 'ప్రమాదాలు' పట్టిందా? ఏ ఫైల్, ఎక్కడుందో చెప్పకుండా అంకె మాత్రమే చెబుతోందా? స్కాన్ ఫ్రీ, క్లీనింగ్‌కి డబ్బు అంటోందా? టాస్క్ మేనేజర్‌ని తెరవనివ్వడం లేదా? ఇక సందేహం వద్దు.

అపోహ: "ఫార్మాట్ కొట్టక తప్పదు."

ఫార్మాట్ అంటే డిస్క్ మొత్తం చెరిపేసి విండోస్ కొత్తగా వేయడం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. నేనూ ఒకప్పుడు తగలబెట్టినవాణ్ణే. ఎస్.పి. రోడ్డులో చేరిన కొత్తలో ఏ కేసొచ్చినా ఫార్మాట్. ఒకసారి బ్యాకప్ తీశాననుకుని తీయకుండానే కొట్టేశాను. అందులో ఆ ఇంటి పాప మొదటి పుట్టినరోజు ఫొటోలున్నాయి. ఆ దంపతులు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

నకిలీ ప్రోగ్రామ్ నిజంగానే ఇన్‌స్టాల్ అయిపోతే నేను చేసే వరస ఇది. ముందు వైఫై ఆపుతాను. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌ని తేదీ ప్రకారం పేర్చి, గొడవ మొదలైన రోజున ఏమేం చేరాయో చూస్తాను. నకిలీది ఒంటరిగా రాదు, దాని తోకలు కూడా అదే తేదీన ఉంటాయి: డ్రైవర్ అప్‌డేటర్, పీసీ స్పీడప్, ఏదో సెర్చ్ బార్. అన్నీ అన్‌ఇన్‌స్టాల్. మొండికేస్తే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్ళి మళ్ళీ రీస్టార్ట్ చేసి 4 నొక్కుతాను. అది సేఫ్ మోడ్. అక్కడ ఇలాంటివి చాలావరకు నిద్రలేవవు కాబట్టి తీసేయడం సులువు.

తర్వాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్ళి డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. పావుగంట పడుతుంది. దీనికి ముందు ఒక పని మర్చిపోవద్దు: అక్కడే 'ఎక్స్‌క్లూజన్స్' జాబితా చూడండి. ఈ దొంగలు వస్తూనే "నా ఫోల్డర్ జోలికి రాకు" అని డిఫెండర్‌కి రాసిపెట్టుకుంటారు. మీరు పెట్టని ఫోల్డర్ అందులో ఉంటే తీసేయండి, లేకపోతే స్కాన్ దాని ముందు నుంచే నడిచి వెళ్ళిపోతుంది. చివరగా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు), టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (మన ఇంటర్నెట్ రాకపోకలను వేరే కంప్యూటర్ మీదుగా పంపే ఏర్పాటు). ఇంట్లో కంప్యూటర్‌కి సాధారణంగా ప్రాక్సీ అక్కర్లేదు. ఆన్‌లో ఉంటే ఎవరు పెట్టారో కనుక్కోండి.

ఆఫీసు లాప్‌టాప్ అయితే ఇవేవీ మీరు చేయకండి. మీ ఐటీ వాళ్ళకి చెప్పండి. బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి కంపెనీ లాప్‌టాప్ పట్టుకొచ్చి "అన్నా, ఆఫీసులో తెలియకుండా చూడు" అనే తమ్ముళ్ళని నేను తిప్పి పంపేస్తాను.

ఫార్మాట్ అవసరమయ్యే సందర్భాలూ ఉన్నాయి. అపరిచితుడు రిమోట్‌లో చాలాసేపు లోపల ఉంటే, లేదా డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ, అంటే క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో పాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించేది వచ్చి ఉంటే, ఫొటోలూ కాగితాలూ బయటికి తీసి విండోస్ కొత్తగా వేయడమే నాకు మనశ్శాంతి.

అపోహ: "విండోస్‌తో ఫ్రీగా వచ్చేది దేనికీ పనికిరాదు. ఒకటికి రెండు వేసుకుంటే మంచిది."

2012లో విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌లోనే వస్తోంది. అప్‌డేట్‌లు ఆపకుండా ఉంచితే మామూలు ఇంటికి చాలు. డబ్బు పెట్టి కొనాలనిపిస్తే కంపెనీ సొంత సైట్‌లోనో, బిల్లు ఇచ్చే షాపులోనో కొనండి. రెండు వేస్తే ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ మెషీన్‌ని పడుకోబెడతాయి.

అపోహ: "మాది మ్యాక్, మాకు రాదు." "ఫోన్‌కి మాత్రం యాంటీవైరస్ యాప్ ఉండాల్సిందే."

2011లో మ్యాక్‌డిఫెండర్ అనే నకిలీ యాంటీవైరస్ ఆపిల్ కంప్యూటర్ల మీదికే వచ్చింది. దాన్ని తీసేయడానికి ఆపిల్ ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. ఫోన్ల సంగతి: 2014లో వైరస్ షీల్డ్ అనే ఆండ్రాయిడ్ యాప్‌ని 3.99 డాలర్లు పెట్టి 10 వేల మందికి పైగా కొన్నారు. అది చేసిన పని, నొక్కినప్పుడు ఇంటూ గుర్తుని టిక్ గుర్తుగా మార్చడం. అంతకు మించి ఏమీ లేదు. చివరికి గూగుల్ డబ్బు వాపసిచ్చింది.

అపోహ: "కంప్యూటర్ క్లీన్ అయింది, ఇక టెన్షన్ లేదు."

కార్డు నంబర్ ఇచ్చి ఉంటే అసలు పని ఇప్పుడే మొదలు. ముందు బ్యాంకుకి చెప్పి కార్డు బ్లాక్ చేయించండి, కంప్యూటర్ ఆ తర్వాత. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వివరాలు మనమే ఇచ్చి పోగొట్టుకుంటే బ్యాంకుకి చెప్పేదాకా పోయిన డబ్బు నష్టం మనదే, చెప్పిన తర్వాత పోతే ఆ నష్టం బ్యాంకుది. కాబట్టి "సాయంత్రం అబ్బాయి వచ్చాక చూద్దాం" అనుకోకూడదు. ఆ వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి. బెంగళూరైనా కనిగిరైనా అదే నంబర్. ఎస్సెమ్మెస్‌లు, ఆ తెర ఫొటో, డబ్బు కట్టిన రసీదు చెరిపేయకండి, అడుగుతారు.

మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, అదే కంప్యూటర్ నుంచి కాదు. రిమోట్ యాప్‌ని తీసేయండి. ఒకట్రెండు వారాల్లో ఇంకో ఫోన్ రావచ్చు: "మీరు మోసపోయారని తెలిసింది, మీ డబ్బు వెనక్కి ఇస్తాం, ఒకసారి ఆ యాప్ మళ్ళీ వేసుకోండి" అని. కె.ఆర్. పురం టీచర్‌గారికి సరిగ్గా తొమ్మిదో రోజున వచ్చింది. ఆమె ఆ నంబర్ రాసుకుని ఫోన్ పెట్టేసి, తన ఫిర్యాదులో దాన్నీ చేర్పించారు.