పాఠం చెప్పే టీచరు వెనక ఎవరున్నారు?

లైంగిక విద్య తొమ్మిదో తరగతి దాకా ఆగకూడదు, ఇంకా చిన్న వయసులోనే మొదలు కావాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అంది. దాంతో టీచర్లకు సిగ్గు, అందుకే చెప్పరన్న పాత నింద మళ్లీ పైకొచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హైస్కూళ్ల సంగతి దగ్గర్నుంచి చూస్తే సిగ్గు కన్నా భయమే ఎక్కువ అడ్డం. దాని మూలం 2007.

అప్పటికి కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చి రెండేళ్లు. ఏడాదికి 16 గంటల బోధన, అందుకు టీచర్లకు శిక్షణ. ఆ పాఠాల పుస్తకాల్లోని బొమ్మల మీద గొడవ లేచింది. మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ ఆపేశాయి. 2009లో ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్యే వద్దంది; ఆ విషయాలు ఇంటర్ కన్నా ముందు జీవశాస్త్రంలోనూ రాకూడదంది. మన సంస్కృతికి సరిపడదన్నది అభ్యంతరం. టీచరుకు అర్థమైంది మాత్రం ఒక్కటే: పై నుంచి చెప్పమన్నవాళ్లు రేపు తప్పుకుంటే, ఊళ్లో నిలదీసేది తననే.

ఆ తర్వాతి తరగతి గది అంతా ఈ భయం మీదే నడుస్తోంది. పువ్వు నిలువుకోత బోర్డు మీద ఓపిగ్గా గీస్తారు. మనిషి ప్రత్యుత్పత్తి దగ్గరికొచ్చేసరికి ‘ఇంటికాడ చదువుకోండి’. నెలసరి గురించి మేడమ్ ఆడపిల్లలకు విడిగా చెబుతుంటే మగపిల్లల్ని గ్రౌండుకు పంపేస్తారు. గౌనుకు మరక కనిపిస్తే నవ్వేది వాళ్లే. వినాల్సింది వాళ్లు కూడా. గుజరాత్ తీరానికి చేపల వేటకో, మరోచోటికి కూలికో అమ్మానాన్నలు వలసపోతే అమ్మమ్మ దగ్గర మిగిలిన పిల్లలకు బడి కాకపోతే ఫోనే దిక్కు.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం టీచరు మీద బరువు పెంచింది. నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పాలి. దాస్తే ఆరు నెలల దాకా జైలు; కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యులు దాస్తే ఏడాది దాకా. పిల్లలకు ఇది పెద్ద రక్ష. కానీ ప్రశ్న అడిగిన పిల్ల ఇంకేదైనా బయటపెడితే ఎవరికి, ఎలా చెప్పాలో నేర్పకపోవడంతో అసలు ప్రశ్నే రాకుండా చూసుకునేవాళ్లున్నారు. 2020లో కేంద్ర ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ కింద ఆరోగ్య పాఠాలకు బడికి ఇద్దరు టీచర్లు, వారానికో గంట అన్నారు. పదో తరగతి స్టడీ అవర్లకు ముందుగా పోయేది ఆ గంటే.

జాగ్రత్తగా చెప్పే పద్ధతి ఉంది. ముందు తల్లిదండ్రుల కమిటీకి పుస్తకం చూపించి, తీర్మానం రాయించి, హెచ్‌ఎం సంతకం తీసుకోవాలి. ప్రశ్నల పెట్టెలో పిల్లలు ప్రతి ఒక్కరూ చీటీ వేయాలి, ప్రశ్న లేనివాళ్లు ఖాళీదైనా సరే. లేకపోతే రాసిందెవరో ఇట్టే తెలిసిపోతుంది. పెట్టె క్లాసులో తెరవకూడదు. అదే రోజు చదవాలి, వేధింపు సంగతి ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కీ పోలీసులకూ వెంటనే చెప్పాలి, మిగతావాటికి మర్నాడు జవాబివ్వాలి.

ఇంత చేసినా ఒక్క ఫిర్యాదు చాలు. పుస్తకంలో ఉన్నది చెప్పినందుకు విచారణ లేకుండా ఏ టీచరు మీదా చర్య ఉండదని జిల్లా విద్యాశాఖ రాతపూర్వకంగా ఇవ్వాలి. కోర్టు మాట తరగతి గదికి చేరాలంటే ముందు రావాల్సింది ఆ కాగితం.